పెట్టె మీది పేరు

గ్రాఫిక్స్ కార్డులను నిర్మించు సంస్థల అధిపతులకును, వాటిని ఈ దేశమునకు తెచ్చి పంచు దిగుమతిదారులకును, అంగళ్లలోను ఆన్‌లైనులోను అమ్ము వర్తకులకును

ఆర్యులారా,

“పేరు అదే కదండీ, వివరాలన్నీ బాక్సు మీద వేసే ఉన్నాయి, చూసుకోవాల్సింది మీరే” అని మీ వర్తకులలో ఒకరు గడచిన వేసవిలో ఫోనులో నాతో పలికిన మాటకు సమాధానముగా ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆ వర్తకుని పేరు గాని, ఆయన అంగడి యున్న ఊరు గాని ఇక్కడ చెప్పను. ఆ మాట ఆయన యొక్కని మాట కాదు. మీ వ్యాపారమంతటికిని అలవాటైన మాట. ఒక్క పేరు పెట్టి రెండు వేర్వేరు వస్తువులు చేయుట, ఆ భేదమును పెట్టె అంచున చీమతలకాయంత అక్షరములలో అచ్చువేయుట, తీరా కొనినవాడు అడుగవచ్చినప్పుడు చదువుకొనకపోవుట నీ తప్పే యని చెప్పి పంపివేయుట మీలో ఒక పద్ధతిగా స్థిరపడినది. ఈ పద్ధతిని నేను అంగీకరింపజాలను.

నేను నూజివీడు సమీపమున ఆరెకరముల మామిడితోట మీద బ్రతుకు రైతును. మా యింట ఒక గ్రాఫిక్స్ కార్డు కొనుట యనగా ఏమో మీకు తెలియవలెనని నా కోరిక. పూత నిలిచి, మంచు తగులక, తామర పురుగు సోకక, కాయ కోతకు వచ్చు వేళ గాలివాన రాక, తీరా నున్న మార్కెట్టుకు లారీ చేరునప్పటికి ధర పడిపోక యున్నచో, ఏడాదికొక్కసారి, చైత్ర వైశాఖ జ్యేష్ఠ మాసముల నడుమ మా చేతికి డబ్బు వచ్చును. మందుల అంగడి బాకీయు, కూలీల బాకీయు, సహకార సంఘపు అప్పును, కళాశాల రుసుమును పోగా మిగిలినదానిలో నుండి మా మనుమని కోరికకు కొంత తీసి యుంచితిమి. వాడు పదునారేండ్లవాడు. సెలవులన్నియు తోటలో చిక్కము పట్టి కాయలు కోసి, తొడిమ విరుగకుండ, సొన కారి తొక్క మచ్చపడకుండ ఒక్కొక్క కాయను బుట్టలో బోర్లించి పేర్చినవాడు. వాని ముంజేతుల మీద సొన పొక్కులు శ్రావణము వచ్చువరకు మానలేదు. మీరు పుచ్చుకొన్న ధరలో ఆ పొక్కులు కూడ ఉన్నవి.

మేము తొందరపడి కొనలేదని కూడ మీరు తెలిసికొనవలెను. రెండు నెలలు ప్రతి సాయంకాలము అరుగు మీద కూర్చుండి వాడు నాకు పాఠము చెప్పెను. మా యింటి తెర అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలదనియు, అనగా మొత్తము 20,73,600 చుక్కలనియు, ఆట సాఫీగా నడువవలెనన్నచో వాటన్నిటికిని సెకనుకు 60 మార్లు రంగు వేయవలెననియు, ఆ పని చేయునదే గ్రాఫిక్స్ కార్డనియు చెప్పెను. ఆటలోని గోడల రూపులు, చెట్ల బెరడులు, మనుష్యుల ముఖములు కార్డునకు సొంతమైన మెమరీలో నిలువయుండుననియు, అది నిండినచో అవన్నియు కంప్యూటరు మెమరీలో నుండి ఇరుకు దారిన రాకపోకలు చేయవలసివచ్చి, బొమ్మ ఆగి ఆగి కదలుననియు చెప్పెను. అంత చక్కగా చెప్పగల పిల్లలను మీరు ఆటలరాయుళ్లని తలచుచున్నారు గాబోలు.

వాని కంప్యూటరు క్రొత్తది కాదు. ఏదో కార్యాలయమున అయిదారేండ్లు పనిచేసి, అక్కడ వద్దని తీసివేయగా విజయవాడలో చౌకగా దొరికినది. మా గ్రామములలో పిల్లల కంప్యూటర్లు అనేకము ఇట్టివే. అట్టిదానికి క్రొత్త కార్డు తగిలించుట మామిడికి అంటు కట్టుట వంటి పని. టెంక మొక్క వేరు, అంటు పుల్ల వేరు. రెండింటి లావును, పసరును కలియనిచో ఎంత మేలుజాతి పుల్లయైనను ఎండిపోవును. మదరుబోర్డులోని స్లాటు తనంతట తాను ఇయ్యగల విద్యుత్తు 75 వాట్లు మాత్రమే; అంతకు మించి కోరు కార్డునకు కంప్యూటరునకు విద్యుత్తు నిచ్చు ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేరొక తీగ కావలెను; ఆ పాత కార్యాలయపు పెట్టెలలో ఆ తీగయే యుండదు. పెట్టె ఎత్తు చూడవలెను. స్లాటు ఏ తరమునకు చెందినదో చూడవలెను. ఇంటెల్ వారి ఆర్క్ బి580 కార్డు 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరకు 12 జీబీ మెమరీతో రాగా, ఇంత మేలు ఇంకెక్కడ దొరకునని మేము ముచ్చటపడితిమి. కాని రీసైజబుల్ బార్ అను సదుపాయము లేని పాత బోర్డులలో అది తన సత్తువ చూపజాలదని తెలిసి వెనుకకు తగ్గితిమి. ఇవన్నియు మా వాడు ఒక రూళ్ల పుస్తకములో పట్టికగా వ్రాసికొని, ఒక్కొక్కదానిని కొట్టివేయుచు, తుదకు ఒక్క పేరు మిగిల్చి, దానిక్రింద రెండు గీతలు గీచెను.

ఆ పేరే పట్టుకొని నగరమునకు పోతిమి. ఆ పేరే గల పెట్టెను అంగడివారు మా ముందుంచిరి. ఇది అదేనా యని అడిగితిమి, అదేనండీ యనిరి. బస్సులో దారిపొడుగునను మా వాడు ఆ పెట్టెను ఒడిలోనే పెట్టుకొని వచ్చెను.

రాత్రి కార్డు బిగించి ఆట తెరచినప్పుడు వీధి గోడలు మైనము కరిగినట్లు మసకబారి, కొంతసేపటికి గాని రూపు కట్టలేదు. మా వాడు ఏమియు అనక, కార్డు లోపలి సంగతులు చూపు ఒక చిన్న ప్రోగ్రామును తెరచి, ప్రక్కన తన రూళ్ల పుస్తకము పెట్టి, చూపుడు వ్రేలితో ఒక్కొక్క వరుసను సరిచూచుకొనుచు క్రిందికి దిగెను. పేరు సరిపోయినది. రెండవ వరుసలో సంఖ్య తగ్గినది. మూడవ వరుసలోను తగ్గినది. వ్రేలు అక్కడ ఆగిపోయినది. “తాతయ్యా, పేరొక్కటే, కార్డు వేరు” అని మెల్లగా అని, పుస్తకము మూసివేసెను. తెల్లవారి నేను ఫోను చేయగా వచ్చిన సమాధానమే ఈ లేఖ మొదట వ్రాసితిని. ఆ కార్డేదో, ఎవరిదో ఇక్కడ చెప్పను. నా యింటి సంగతి చెప్పి ఏ యొక్క సంస్థను బోనులో నిలుపుట నా ఉద్దేశము కాదు. లోకమెరిగిన సంగతులే కావలసినన్ని కలవు.

2017లో వచ్చిన ఎన్‌విడియా వారి జి.టి. 1030 అను చిన్న కార్డు సెకనుకు 48 గిగాబైట్ల వేగముతో పనిచేయు మెమరీ గలది. మరుసటి యేడు అదే పేరుతో మరియొక రకపు మెమరీ పెట్టి విడిచిన కార్డునకు ఆ వేగము 16.8 మాత్రమే, అనగా సుమారు మూడింట ఒక వంతు. ఆ కార్డు కొనువారెవరు? లక్షలు పోసి కొనువారు కాదు. ఉన్నవానిలో అన్నిటికంటె చౌకదానిని వెదకికొనువారు. ఆ సంస్థదే యగు ఆర్.టి.ఎక్స్. 3050 సంగతి చూడుడు. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు, అనగా లెక్కలు చేయు చిన్న యంత్రములు, 128 బిట్ల మెమరీ మార్గము. 2024 ఫిబ్రవరిలో అదే 3050 అను పేరుతో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ల మార్గము. రెండు జీబీల మెమరీ ఒక్కటే తగ్గినదని పెట్టె చూచినవాడు తలచును. లోపలి యంత్రమే తగ్గినదని వానికి చెప్పువారెవరు? ఏ.ఎం.డి. వారి పక్షమున కూడ ఇట్టిదే జరిగినది. 1024 ప్రాసెసర్లు గల ఆర్.ఎక్స్. 560 పేరుతోనే 896 మాత్రమే గల కార్డులు 2017లో అంగళ్లలోనికి రాగా, ఆ యేటి డిసెంబరులో పత్రికలవారు పట్టి అడిగిన పిమ్మట గాని వారు గందరగోళము జరిగినదని ఒప్పుకొనలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పక తప్పదు. 70 వాట్లతో పనిచేయు ఆ 6 జీబీ 3050 కార్డు చెడ్డది కాదు. 130 వాట్ల అన్నగారికి కావలసిన వేరు తీగ లేకయే సాధారణముగా స్లాటు ఇచ్చు విద్యుత్తుతోనే నడచునట్టి అది, పాత కార్యాలయపు పెట్టెలు గల మా వంటి ఇండ్లకు నిజముగా ఉపకారి. దాని పేరు దానికి పెట్టియున్నచో నేనే పదిమందికి చెప్పి కొనిపించియుందును. మంచి వస్తువునకు పరాయి పేరు తగిలించి, మంచిదానిని కూడ అనుమానింపవలసినదిగా చేసినారే, అది నాకు కష్టము కలిగించుచున్నది.

మా ప్రాంతమున పేరునకు గల విలువ ఎట్టిదో చెప్పెదను. నర్సరీలో రెండడుగుల అంటుమొక్కను చూచి ఇది బంగినపల్లియో, కలెక్టరో ఆకు బట్టి తేల్చుట అందరికిని సాధ్యము కాదు. అమ్మువాడు బంగినపల్లి యనిన ఆ మాటనే నమ్మి, గొయ్యి తీసి నాటి, నీరు పోసి, నాలుగైదేండ్లు పెంచెదము. తీరా కాపునకు వచ్చినప్పుడు కొమ్మకు ముక్కు తిరిగిన కలెక్టరు కాయ వ్రేలాడినచో ఆ అయిదేండ్లు తిరిగి వచ్చునా? ఆ మొక్క అమ్మినవాడు “చీటీ వెనుక వ్రాసియే యున్నాను, నీవు చూచుకొనలేదు” అని రచ్చబండ మీద నిలిచి చెప్పగలడా? చెప్పినచో మరునాటి నుండి వాని నర్సరీ గడప త్రొక్కువారుందురా? చిన్నరసమును పెద్దరసమును రెండును పీచు గలవే, రెండును పిండుకొని త్రాగు పండ్లే. అయినను మా పెద్దలు ఆ భేదమును పాటించి రెండు పేర్లు పెట్టిరి. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరుతో మరియొక పండు అమ్మరాదని చట్టమే కాపలా నిలిచినది. చదువు లేని పూర్వులు చెట్టు కాయకు చూపిన మర్యాదను, ఇంతటి విద్వాంసులైన మీరు మీ చేతులతో చేసిన వస్తువునకు చూపలేరా?

వివరములన్నియు వెబ్‌సైటులో ఉన్నవని మీరందురు. ఉన్నవి, నేను చూచితిని. ఆంగ్లమున, పొట్టి అక్షరముల పట్టికలో, కోర్లు, బిట్లు, లేనులు అను మాటల నడుమ ఉన్నవి. వాటిని చదివి అర్థము చేసికొనగల పిల్లవాడు మా యింట ఉండియు మేము మోసపోయితిమి. లేని యింటివారి గతి యేమి? కొడుకు అడిగినది కొని తెచ్చుటకు ఒక చీటీ ముక్క మీద పేరు వ్రాయించుకొని అంగడికి వచ్చు తండ్రిని ఊహించుకొనుడు. వాని చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. ఆ పేరు మీదనే కదా మీరు ప్రకటనలు ఇచ్చుచున్నారు? విమర్శకులు మేలైన కార్డును పరీక్షించి పొగడిన పొగడ్త ఆ పేరు మీదనే కదా నిలిచియున్నది? పేరును అమ్మునప్పుడు ముందునకు తెచ్చి, ప్రశ్నించినప్పుడు మాత్రము వివరములను ముందునకు తెచ్చుట ఏ ధర్మము?

ఇది అసాధ్యమైన కోరికయని మీరనలేరు. 2022 సెప్టెంబరులో ఎన్‌విడియా వారు ఆర్.టి.ఎక్స్. 4080 అను ఒక్క పేరుతో రెండు కార్డులు ప్రకటించిరి: ఒకటి 9728 కోర్లు గల 16 జీబీది, రెండవది 7680 కోర్లు మాత్రమే గల 12 జీబీది. లోకమంతయు ఇదేమని అడుగగా అక్టోబరు 14న ఆ 12 జీబీ కార్డును ఉపసంహరించిరి. 2023 జనవరిలో అదియే 4070 టి.ఐ. అను తన సొంత పేరుతో అంగడికి వచ్చినది. 899 డాలర్లని మొదట చెప్పిన ధర 799 అయినది. పేరు సరిచేసినంతనే ధర నూరు డాలర్లు దిగినది! ఆ నూరు డాలర్లు దేని వెల? అంతకు ముందు, 2014లో వచ్చిన జి.టి.ఎక్స్. 970 కార్డులోని 4 జీబీల మెమరీలో చివరి అర జీబీ తక్కినదానివలె వేగముగా పనిచేయదని మరుసటి జనవరిలో బయటపడగా, అమెరికాలో కొనుగోలుదారులు వ్యాజ్యము వేసిరి. కార్డునకు 30 డాలర్ల చొప్పున ఇచ్చుటకు 2016లో రాజీ కుదిరినది. అక్కడ పెద్ద కార్డు కొనువారు గొంతెత్తినప్పుడు విన్నవారు, ఇక్కడ చిన్న కార్డు కొనువారి గొంతు ఎందులకు వినరు? రెండు వేల రూపాయలు ఆదా చేయుటకు మూడంగళ్లు తిరుగువాడు వ్యాజ్యము వేయలేడనియా?

ఇటీవలి కార్డుల విషయమున మీరు కొంత మేలుగానే యున్నారని ఒప్పుకొందును. 2025 ఏప్రిలులో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ. 8 జీబీ కార్డు ధర విడుదలనాడు 379 డాలర్లు, 16 జీబీది 429. జూనులో వచ్చిన ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. 8 జీబీది విడుదలనాడు 299, 16 జీబీది 349. ఈ రెండు జతలలోను లోపలి కోర్ల సంఖ్య మారలేదు, మెమరీ మాత్రమే మారినది. కాని అంగడిలో “9060 ఎక్స్.టి. ఇవ్వండి” అని అడిగిన పిల్లవానికి ఏది చేతికి వచ్చునో అమ్మువాని దయ మీదనే యున్నది. అయిదేండ్లు వాడుకొనదలచి కొనువానికి ఆ యేబది డాలర్ల భేదమే అసలు భేదము. వర్తకులారా, ఏ కార్డు ఇయ్యవలెనని నోరు విప్పి ఒక్క ప్రశ్న అడుగుట మీకు భారమా? “ఎన్ని జీబీలది కావాలి బాబూ, మీ ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లది” అని అడిగిన అంగడివాడు ఒక్కడు మాకు తగిలియున్నచో ఈ లేఖ పుట్టియే యుండదు.

ఆటలకు వాడు వస్తువే కదా, దీనికింత రచ్చ యెందుకని కొందరందురు. ఆ మాట మీ ప్రకటనలలో కానరాదు గాని మీ ఉపేక్షలో కనబడుచున్నది. డబ్బు పందెపు ఆటలను నిషేధించిన 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టమే ఈ-స్పోర్ట్సును ఆ పందెముల నుండి వేరుచేసి ప్రోత్సహింపదగినదిగా గుర్తించినది. ఆటలాడు కార్డుతోనే మా వాడు బ్లెండరు అను ప్రోగ్రాములో మా తోటను త్రిమితీయముగా కట్టుటకు పూనుకొనినాడు. బావి, పంపుషెడ్డు, పెద్దరసము చెట్టు వరకు వచ్చినది. మా నూజివీడులో 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీ పల్లెటూరి పిల్లలను పదవ తరగతి కాగానే చేర్చుకొని ఆరేండ్లు చదివించుచున్నది. ఆ గేటు దాటవలెనని ఆశపడు పిల్లలకు యంత్రము మీద మక్కువ ఇట్టి కార్డుతోనే మొదలగుచున్నది. మొదటి పాఠముగా వారికి మీరు ఏమి నేర్పుచున్నారు?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, వస్తువు యొక్క నాణ్యతను, పరిమాణమును, సామర్థ్యమును, స్వచ్ఛతను, ప్రమాణమును, ధరను తెలిసికొను హక్కు కొనువానిదని చెప్పినది. సామర్థ్యము అను మాట అందులో కలదు, గమనింపుడు. తెలియజేయుట అనగా ఎక్కడనో వ్రాసియుంచుట కాదు, తెలియునట్లు చేయుట.

కావున నిర్మాతలారా, లోపలి యంత్రము మారినప్పుడు పేరు మార్చుడు. పెట్టె ముందు వైపున, పేరు ఎంత పెద్ద అక్షరములలో అచ్చువేయుదురో అంత పెద్ద అక్షరములలోనే మెమరీ యెంతయో, దాని రకమేమో, ఎన్ని వాట్లు కోరునో, వేరు తీగ కావలెనో వద్దో వేయుడు. 2022 జనవరిలో వచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. వలె నాలుగు లేనులతోనే, అనగా స్లాటులోని నాలుగు దారులతోనే, పనిచేయు కార్డయినచో, పాత స్లాటులో దాని మార్గము సగమగునని కూడ వ్రాయుడు. పాత స్లాటులు గలవారే కదా అట్టిదానిని కొనువారు. దిగుమతిదారులారా, ఆ నాలుగు మాటలను తెలుగులో అచ్చువేసిన చిన్న కాగితమొకటి పెట్టె మీద అతికించుటకు మీకు పట్టు ఖర్చెంత? మా తోటలో ఒక్క కాయ ధర కూడ కాదు. వర్తకులారా, పేరు చూచి పొరబడి కొని, ఏడు దినములలో తెచ్చినవానికి మార్చి యిండు.

నా వలె మోసపోయినవారు ఈ లేఖ చదువుచున్నచో, బిల్లును పెట్టెను పారవేయక 1915 అను జాతీయ వినియోగదారుల సహాయవాణికి ఫోను చేయుడు. నేను చేసితిని.

మా వాడు ఆ రూళ్ల పుస్తకములో క్రొత్త పుట తెరచి మరల పట్టిక మొదలుపెట్టినాడు. ఈ మారు పేరునకు ఎదురుగా ఏడు గడులు గీచినాడు. తోటలో పూత బాగుగనే నిలిచినది. కోతలు ముగియగానే జ్యేష్ఠమున మరల మీ అంగడికి వచ్చెదము. ఆనాటికి ఆ పెట్టెల ముందు వైపును సరిచేసి యుంచుడని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
నూజివీడు ప్రాంతపు ఒక మామిడి రైతు